పాత కారు కొనే ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి

వరద నీటిలో మునిగిన కారును శుభ్రంగా కడిగించి, పాలిష్ పెట్టించి అమ్మకానికి నిలబెడితే పైపైన చూసేవారికి ఏమీ తెలియదు. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్నో కార్లు మునిగాయి కనుక, పాత కారు చూడబోయేటప్పుడు ఈ అనుమానం ఉంచుకోవడం తప్పు కాదు.

సీటు బెల్టును మెల్లగా, ఇక రాదన్నంత వరకు లాగి (గట్టిగా గుంజితే మధ్యలోనే బిగుసుకుంటుంది), రీలు దగ్గరి చివరి మూరెడు భాగాన్ని ఫోన్ టార్చి వెలుగులో చూసి, ఒకసారి వాసన కూడా చూడాలి. సీట్లను, మ్యాట్లను కడిగేవారు రీలులో చుట్టుకొని ఉన్న ఆ కొస జోలికి సాధారణంగా వెళ్లరు. అక్కడ అడ్డంగా మట్టి చారగాని, బూజు మచ్చలుగాని కనిపిస్తే బేరం అక్కడితో ఆపడం మేలు. అన్ని బెల్టులూ చూడడానికి ఐదు నిమిషాలు చాలు. తరువాత డిక్కీలోని స్టెప్నీని పైకి తీసి, దాని కింది గుంటలో ఎండిన ఒండ్రు ఉన్నదేమో వేలితో గీరి చూడాలి.

అయితే బెల్టులు మార్చిన కారులో ఈ పరీక్ష పనిచేయదు. బెల్టు అడుగున కుట్టిన చీటీ మీద తయారీ తేదీ ఉంటే దానిని ఆర్‌సీలోని తయారీ సంవత్సరంతో పోల్చి, బెల్టు బాగా కొత్తదైతే ఎందుకు మార్చారో అడగాలి. విశాఖ వంటి సముద్రతీర పట్టణాల కార్లలో సీటు బోల్టుల తుప్పును మాత్రమే చూసి మునిగిన కారని నిర్ణయించకూడదు, ఉప్పుగాలికీ అది పడుతుంది.