గుర్రాల దగ్గర పనికి, స్వారీకి చలికాలం గ్లౌజులు ఎలా ఎంచుకోవాలి?

మైనస్ 20 డిగ్రీల చలిలో గుర్రాన్ని తాడు నుంచి విప్పాలంటే, దాని హాల్టర్‌కి (తలకి కట్టే పట్టీకి) తగిలించిన ఇత్తడి కొక్కెం మీద చిన్న మీటని బొటనవేలితో వెనక్కి లాగాలి. మందపాటి గ్లౌజు ఉంటే మీట దొరకదు. గ్లౌజు తీసేస్తే కాసేపటికే వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడు మీట దొరికినా లాగే బలం ఉండదు.

అమెరికాలోని మిన్నెసోటాలో మా అమ్మాయి స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడాది, ఫీజులో తగ్గింపు ఇస్తామంటే వారాంతాల్లో బార్న్‌లో, అంటే గుర్రపుశాలలో, పొద్దుటి పని నేను ఒప్పుకున్నాను. లంబసింగి చలి చూసినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. మొదటి జనవరిలోనే నాలుగు జతల గ్లౌజులు కొన్నాను, అందులో మూడు దండగ. ఎంత వెచ్చగా ఉంటాయా అని చూశానే గాని, వాటితో ఏం పని చేస్తానో ఆలోచించలేదు.

1. ముందు మీ చేతులు ఏమేం చేస్తాయో రాసుకోండి

బకెట్లలో గడ్డకట్టిన మంచు పగలగొట్టి నీళ్లు పోయడం. ఎండుగడ్డి బేళ్లు (బిగించిన మోపులు) మోయడం, పేడ ఎత్తడం. గుర్రాలకి కప్పే దుప్పట్ల బకిల్స్, గేటు గొలుసులు తీయడం, పెట్టడం. ఆ తర్వాత జీను కట్టి స్వారీ. వీటన్నిటికీ ఒకే గ్లౌజు సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. నీళ్లకి ఒకటి, మోటు పనికి ఒకటి, పగ్గాలు పట్టడానికి ఒకటి, మొత్తం మూడు జతలు కావాలి. డబ్బులు ఒక జతకే ఉన్నాయంటే మోటు పని జతతో మొదలుపెట్టండి.

2. నీళ్ల జత: చవకదైనా పూర్తిగా పీవీసీ పూత ఉన్నది

నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తాయి. తడిసిన గ్లౌజు వేసుకోవడం కంటే పొడి చేతులతో ఉండడమే నయం అనిపించే రోజులుంటాయి. అలాగని నీళ్ల పని ఎగ్గొట్టలేం. గుర్రం రోజుకి సుమారు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. చలికాలంలో ఎండుగడ్డి ఎక్కువ తిని నీళ్లు తక్కువ తాగితే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. కోలిక్ అంటారు. గుర్రాల వాళ్లకి ఈ మాట వింటేనే టెన్షన్.

చేపల పడవల మీద వాడే రకం, బయట పీవీసీ పూత, లోపల నూలు కాని వెచ్చటి లైనింగ్ ఉన్న గ్లౌజులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. అరచేతికి మాత్రమే పూత ఉన్నవి పనికిరావు, బకెట్ వంచగానే చేతి వెనకవైపు తడుస్తుంది. మణికట్టు దాటి పొడుగ్గా ఉన్నది తీసుకోండి. వీటిలోంచి గాలి ఆడదు కాబట్టి గంటసేపు వేసుకుంటే చెమటకే లోపల తడుస్తాయి. అందుకే నీళ్ల పని ఉన్నంతసేపే వేసుకుని వెంటనే తీసేయాలి. ఇంకో చిట్కా: నీళ్ల పని వీలైనంత చివరికి పెట్టుకోండి.

3. మోటు పని జత: తోలు, లోపల లైనింగ్

నేను కొన్న మొదటి జత మెత్తటి ఫ్లీస్‌ది. షాపులో చెయ్యి పెడితే స్వర్గంలా ఉంది. ఒక్క గడ్డి బేలు మోసేసరికి చిన్న చిన్న గడ్డి పరకలన్నీ దానికి అతుక్కున్నాయి. దులిపితే పోవు, ఏరితే తెగవు. పరకలు లోపలికి దిగి వారమంతా గుచ్చుకున్నాయి. ఊలు గ్లౌజులదీ అదే కథ, మణికట్టు దగ్గర వెల్క్రో ఉన్నవాటిదీ అదే కథ. గడ్డి దగ్గర నున్నటి తోలే నిలుస్తుంది. పైగా 20, 25 కిలోల బేలుని దాని పురికొసలు పట్టుకుని ఎత్తుతాం కదా, తోలు లేకపోతే ఆ కొస వేళ్లని కోసేస్తుంది.

తోళ్లలో తేడా ఉంది. ఆవు తోలు గట్టిది, కానీ తడిసి ఆరాక అప్పడంలా బిగుసుకుపోతుంది. జింక తోలు తడిసి ఆరినా మెత్తగానే ఉంటుంది, వేళ్లకి బాగా ఒదుగుతుంది, కాకపోతే ధర ఎక్కువ. పంది తోలు ఈ రెండింటికీ మధ్యస్థం. తడిసి ఆరినా పెద్దగా బిగుసుకోదు, ధరా అందుబాటులో ఉంటుంది. అమెరికాలో బార్న్‌లలో, స్కీ కొండల మీద కింకో 901 అనే పసుప్పచ్చ పంది తోలు గ్లౌజులు ఎక్కువగా కనిపించేది అందుకే. ఏ తోలైనా కొన్న రోజే తేనెమైనం కలిసిన వ్యాక్స్ పట్టించండి. హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వెచ్చజేస్తూ రుద్దితే మైనం లోపలికి ఇంకుతుంది. కుట్ల మీద రెండుసార్లు రాయండి, తడి ముందు దూరేది అక్కణ్ణుంచే.

4. లేబుల్ మీద అంకె చూసి మోసపోకండి

థిన్సులేట్ (గ్లౌజు లోపల వేసే వెచ్చటి పీచు పొర) 40, 100, 150 అని రాసి ఉంటుంది. అది చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల పీచు ఉందో చెప్పే లెక్క. అంకె పెరిగితే వెచ్చదనం పెరుగుతుంది, దాంతోపాటు మందమూ పెరుగుతుంది, వేళ్లు ఆడే సులువు తగ్గుతుంది. పార పట్టుకుని ఒళ్లు వేడెక్కే పనికి 100 నాకు సరిపోతోంది. మీది చల్లటి చేతుల ఒళ్లయితే ఇంకొంచెం ఎక్కువ చూసుకోండి.

5. స్వారీ జత: ఇక్కడ పలచనే మేలు

పని చేసేటప్పుడు చేతులు ఆడుతూనే ఉంటాయి. స్వారీలో పిడికిళ్లు ఒకే భంగిమలో ఉంటాయి, గుర్రం పరుగందుకోగానే ఎదురుగాలి కొడుతుంది. అందుకే స్వారీలోనే ఎక్కువ చలేస్తుంది. అయినా మందపు గ్లౌజు వేసుకోకూడదు. పగ్గం ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్యనుంచి లోపలికి వచ్చి, బొటనవేలి కింద నుంచి బయటికి పోతుంది. గుర్రం నోటి కదలిక ఆ సందులోనే తెలియాలి. మందపు గ్లౌజుతో ఏమీ తెలియక పిడికిలి బిగిస్తాం. అప్పుడు గుర్రం నోరు నొచ్చుకుంటుంది, మన వేళ్లకీ రక్తం సరిగా ఆడదు.

కాబట్టి స్వారీ కోసమే చేసిన గ్లౌజు కొనండి. ఆ రెండు వేళ్ల మధ్య, బొటనవేలి దగ్గర అదనపు తోలు అతుకు ఉందో లేదో చూడండి, లేకపోతే ఒక్క సీజన్‌కే అక్కడ చిరుగుతుంది. అరచెయ్యి జారకుండా ఉండాలి. వెచ్చదనం చాలకపోతే లోపల పలచటి సిల్కు లేదా మెరినో ఊలు లైనర్ వేసుకోండి. నూలుది వద్దు, చెమట పీల్చి తడిగానే ఉంటుంది.

6. సైజు: టేపుతో, తర్వాత తాడుతో

బొటనవేలు వదిలేసి, నాలుగు వేళ్ల కణుపుల చుట్టూ టేపు పెట్టి కొలవండి. లైనర్ వాడే ఉద్దేశం ఉంటే అది వేసుకునే కొలవాలి. వేళ్ల చివర కాస్త ఖాళీ ఉండాలి. వెచ్చగా ఉంచేది లోపలి గాలే, బిగుతైన గ్లౌజు ఎంత ఖరీదైనదైనా చల్లగానే ఉంటుంది.

షాపుకి ఒక తాడు ముక్క, కొక్కెం, పాత బకిల్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. గ్లౌజు వేసుకుని కొక్కెం తీయండి, బకిల్ పెట్టండి. షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి. గ్లౌజులోంచి చెయ్యి ఒక్క ఊపులో బయటికి వస్తుందో లేదో కూడా చూడండి. గుర్రం బెదిరి లాగినప్పుడు వదులు వేలిచివర తాడు మెలికలో ఇరుక్కుంటే ప్రమాదం. తాడుని చేతికి చుట్టుకోవడం గ్లౌజు ఉన్నా లేకపోయినా తప్పే.

7. మైనస్ 20 దాటితే

మిట్టెన్లు వేసుకోండి. నాలుగు వేళ్లూ ఒకే గూట్లో ఉంటే ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. లోపల లైనర్ ఉంటే, మిట్టెన్ తీసి కొక్కెం పని చేసుకుని మళ్లీ దూర్చేయొచ్చు. ఒట్టి చేత్తో ఇనుప గొలుసు మాత్రం ముట్టుకోవద్దు, చర్మం అతుక్కుపోతుంది. ఇనుప పొడితో చేసిన వేడి పొట్లాలకి గాలి తగలాలి కాబట్టి పది నిమిషాల ముందే విప్పి, చేతి వెనకవైపు పెట్టుకోండి. అరచేతిలో పెడితే పగ్గాలకి అడ్డం.

వేలు తెల్లబడి, మైనంలా కనిపించి, స్పర్శ తెలియకపోతే పని ఆపేసి లోపలికి వెళ్లండి. రుద్దకండి, హీటర్ మీద పెట్టకండి. గోరువెచ్చటి నీళ్లలో ముంచండి, స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

తడిసిన తోలు గ్లౌజుల్ని కూడా హీటర్ మీద పెట్టకూడదు, పగుళ్లు వస్తాయి. లోపలికి పాత పేపరు ఉండలు దూర్చి గదిలోనే ఆరబెట్టండి. పొద్దున బార్న్‌కి వెళ్లేటప్పుడు స్వారీ జతని జాకెట్ లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోండి. కళ్లెంలో గుర్రం నోట్లోకి వెళ్లే ఇనుప ముక్కని కూడా జీను కట్టేంతసేపు అక్కడే దాచండి. మంచుముక్కలాంటి ఇనుముని నోట్లో పెట్టబోతే మా అమ్మాయి గుర్రం తల పైకెత్తేసి పళ్లు బిగించేస్తుంది, వెచ్చగా ఉంటే తనే నోరు తెరుస్తుంది.