బేస్‌మెంట్ ఉన్న ఇంట్లో దిగుతున్నారా? ముందు రాడాన్ కొలవండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అమెరికాకు కొత్తగా వచ్చి, బేస్‌మెంట్ ఉన్న ఇల్లు చూసుకుంటున్నవారు అద్దె, హీటర్, బడి దూరం అడిగినట్టే రాడాన్ గురించి కూడా అడగాలి. నేలలోని యురేనియం క్రమంగా రేడియంగా మారుతుంది, ఆ రేడియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువే రాడాన్. దానికి రంగు, వాసన లేవు కాబట్టి కొలిస్తే తప్ప తెలియదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాత ముఖ్య కారణం ఇదే.

కావలిలోనో సింగరాయకొండలోనో ఈ పేరు మనం పెద్దగా వినలేదు. అక్కడ ఇంటి కింద గది ఉండదు, కిటికీలు ఏడాదిలో ఎక్కువ రోజులు తెరిచే ఉంటాయి, నేలలోంచి వచ్చింది గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ చలికాలంలో తలుపులన్నీ బిగించి ఇల్లు వేడి చేస్తాము. వేడిగాలి పైకి పోయేకొద్దీ కింద పీడనం తగ్గి, పునాది బీటల్లోంచీ పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచీ నేలలోని వాయువును ఇల్లే లోపలికి లాక్కుంటుంది. వంటింటి గట్టు మీది చీమకుర్తి గ్రానైట్ నుంచి రాడాన్ వస్తుందేమోనని భయపడేవారున్నారు గానీ, అసలు ముప్పు కాళ్ల కింది నేల నుంచే.

కొలవడానికి బొగ్గుపొడి నింపిన చిన్న డబ్బా దుకాణాల్లో దొరుకుతుంది. పరీక్షకు 12 గంటల ముందు నుంచే కిటికీలు మూసి, మనుషులు వాడే గదుల్లో అన్నిటికంటె కింద ఉన్న దానిలో, నేలకు అర మీటరు పైన, కిటికీలకు దూరంగా డబ్బా మూత తీసి ఉంచాలి. వంటింట్లో, స్నానాల గదిలో పెట్టకూడదు. మొదటిసారి నేను కొలిచినప్పుడు, కావలి నుంచి వచ్చిన మా అమ్మ "గాలాడకుండా ఎట్టా ఉంటార్రా" అంటూ తెల్లవారకముందే కిటికీ తీసి పెట్టింది. ఆ డబ్బా పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను, కనుక ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. డబ్బాతో పాటు చెప్పిన గడువు రోజులు పూర్తికాగానే మూత బిగించి ప్రయోగశాలకు వెంటనే పంపాలి. రాడాన్ అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోయే కాలం, 3.8 రోజులే కాబట్టి, ఆలస్యమైతే డబ్బాలో పట్టుకున్నది తరిగిపోతుంది.

ఫలితం లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంటే ఘనమీటరుకు 148 బెకరెల్‌లు (రెండూ రేడియోధార్మికతను కొలిచే ప్రమాణాలే), లేదా అంతకు మించితే ఇంటిని సరిచేయించాలన్నది అమెరికా ప్రభుత్వ సూచన. కెనడాలో ఆ హద్దు 200 బెకరెల్‌లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 100 చాలంటుంది. కాలాన్ని బట్టి అంకె మారుతుంది కనుక, 90 రోజులకు పైగా ఉంచే ఆల్ఫా ట్రాక్ పరికరంతో మరోసారి చూడడం మంచిది. పక్కింటి ఫలితాన్ని నమ్ముకోవద్దు, ప్రతి ఇంటి నేలా, బీటలూ వేరు. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు అణు విద్యుత్ కేంద్రంలో అడుగుపెట్టగానే అలారం మోగింది. వెతికితే, ఆయన ఒంటికి అంటిన రేడియోధార్మికత కేంద్రంలోది కాదు, సొంత ఇంటిలోని రాడాన్‌ది.

బేస్‌మెంట్ గోదాముల్లోనో సొరంగాల్లోనో పనికి కుదిరినవారు అక్కడ రాడాన్ కొలిచారా అని యజమానిని అడగండి. బ్రిటన్‌లో, ఏడాదికి 52 గంటలకు మించి మనుషులు పనిచేసే భూగర్భ గదులన్నిటిలో కొలవాలని అక్కడి అధికారులు చెబుతారు.

అంకె ఎక్కువ వస్తే ఫలితం కాగితాన్ని ఇంటి యజమానికి రాతపూర్వకంగా పంపండి. నేల పలక కిందికి పైపు దించి, ఫ్యానుతో ఆ వాయువును కప్పు పైకి వదిలే ఏర్పాటు చేస్తారు. ఫ్యాను బిగించిన తరువాత మళ్లీ కొలిచి, ఆ అంకెను కూడా తీసుకోండి.