అమెరికా స్వాతంత్ర్యం: బడి గోడకు కాలరేఖ చార్టు

చిత్తూరు బడుల్లో ఈ పాఠానికి కాలరేఖ గీయించాలంటే 56 సెంటీమీటర్ల వెడల్పు, 71 సెంటీమీటర్ల పొడవు ఉన్న చార్టులు రెండు చాలు. 2 సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా పొడుగ్గా అతికిస్తే 140 వస్తుంది. 1763 నుంచి 1783 దాకా ఏడాదికి 6 చొప్పున 120. అటూ ఇటూ పదేసి ఖాళీ.

మొదలు 1763లోనే పెట్టండి. ఏడేళ్ళ యుద్ధం గెలిచిన బ్రిటన్ నెత్తిన అప్పు మిగిలింది. అది చెప్పకపోతే తన అమెరికా వలసలపై బ్రిటన్ పన్నులెందుకు వేసిందో అర్థం కాదు. 1765 స్టాంపు చట్టం (పత్రాలు, పత్రికల మీద పన్ను), మరుసటి ఏడు రద్దు. 1767 టౌన్షెండ్ సుంకాలు (టీ, గాజు, కాగితం లాంటి దిగుమతులపై). 1770 మార్చి 5 బోస్టన్‌లో జనంపై బ్రిటిష్ సైనికుల కాల్పులు, అయిదుగురి మృతి.

తప్పు ఎక్కువగా జరిగేది 1773 దగ్గర. 'టీ ధర పెంచారు' అని రాసేస్తారు. నిజానికి ఆ ఏడాది టీ చట్టంతో ఈస్టిండియా కంపెనీ టీ చవకైంది. వలసల ప్రతినిధులే లేని బ్రిటిష్ పార్లమెంటు వేసిన సుంకం మాత్రం అలాగే ఉంది. మంట అక్కడ. డిసెంబర్ 16న బోస్టన్ రేవులో వలసవాసులు 342 పెట్టెల టీ సముద్రంలో పారబోశారు. అది ఆ కంపెనీ సరుకు. 1801లో ఆర్కాటు నవాబు నుంచి మన చిత్తూరు సీమను తీసుకున్నదీ ఆ కంపెనీయే అని పక్కన రాయిస్తే పిల్లలు చెవులు రిక్కిస్తారు.

1774 నుంచి 1776 దాకా చోటు ఇరుకు: టీ పారబోసినందుకు బ్రిటన్ తెచ్చిన శిక్షా చట్టాలు, వలసల ప్రతినిధుల ఫిలడెల్ఫియా సమావేశం, 1775 ఏప్రిల్ 19 లెక్సింగ్టన్‌లో యుద్ధారంభం, 1776 జూలై 4 స్వాతంత్ర్య ప్రకటన. గీతకు పైనొకటి, కిందొకటి రాయించండి. ప్రకటన దగ్గరే ఆపొద్దు. 1781 యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేన లొంగుబాటు, అమెరికా స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ ఒప్పుకున్న 1783 పారిస్ ఒప్పందం కూడా ఉండాలి.