ఉబుంటు ఎక్కించేటప్పుడు స్క్రీన్ నల్లగా అయిపోతే

2025 అక్టోబర్‌తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, తిరుపతిలో మా చెల్లెలి పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 24.04 ఎక్కిద్దామని కూర్చున్నా. ఉబుంటు రాసిన పెన్‌డ్రైవ్ పెట్టి ఎంటర్ కొట్టగానే స్క్రీన్ నలుపు. ఫ్యాన్ మాత్రం గిర్రున తిరగతా ఉంది. కొన్ని ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులతో ఈ తంటా మామూలే.

మొదట వచ్చే గ్రబ్ మెనూలో (ఏది ఎక్కించాలో ఎంచుకునే జాబితా ఇది) పైన ఉన్న 'ట్రై ఆర్ ఇన్‌స్టాల్ ఉబుంటు' మీద ఎంటర్ కొట్టకుండా కీబోర్డులో 'e' నొక్కండి. 'linux' అని మొదలయ్యే లైన్ చివర్లో 'quiet splash' కనిపిస్తుంది. దాని తర్వాత ఒక్క స్పేస్ ఇచ్చి 'నోమోడ్‌సెట్' (nomodeset) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఒకే మాటగా టైప్ చేసి ఎఫ్10 కొట్టండి. నేను మధ్యలో స్పేస్ పెట్టి అరగంట తల పట్టుకున్నా.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి కూడా నలుపే వస్తే, ఆన్ చేయగానే ఎస్కేప్ నొక్కి గ్రబ్ తెప్పించి మళ్ళీ ఇదే పని చేయండి. లోపలికి వెళ్ళాక 'అడిషనల్ డ్రైవర్స్'లో ఎన్విడియా డ్రైవర్ వేసుకోవాలి. అప్పటిదాకా అక్షరాలు మొద్దుగా కనిపిస్తాయి, కంగారు పడొద్దు.

అసలు గ్రబ్ మెనూనే రాకపోతే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఉబుంటును మళ్ళీ రాసి చూడండి.