ట్యూషన్ సార్‌ని పెట్టుకునే ముందు

"అక్కా, అమెరికాలో మా అమ్మాయి ఇల్లు తీసుకునే ముందు ఆ వీధిలో అట్లాంటోళ్లు ఎవరున్నారో ఫోన్లోనే చూసుకునిందంట. మనకెందుకు లేదు ఆ లిస్టు?" తిరుపతి బైరాగిపట్టెడలో మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఈ మాట తరచూ వస్తుంది. సెక్రటరీని కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

లైంగిక నేరాల్లో శిక్షపడినవాళ్ల లిస్టు మనకూ ఉంది. 2018 సెప్టెంబరులో జాతీయ నేర రికార్డుల బ్యూరో మొదలుపెట్టింది. అప్పటికే అందులో 4.4 లక్షల ఎంట్రీలు. కాకపోతే పోలీసులే చూడగలరు. అమెరికాలో 1996 నాటి మేగన్ చట్టంతో దాన్ని జనమంతా చూసేలా పెట్టారు, అక్కడా వాదన తెగలేదు. నాకైతే లిస్టు మీద పెద్ద నమ్మకం లేదు. పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టే కేసుల్లో నిందితులు ఎక్కువగా పిల్లలకు తెలిసినవాళ్లే. ఎవరూ కేసు పెట్టని మామయ్య ఏ లిస్టుకెక్కుతాడు?

కాబట్టి కొత్త సార్ వస్తే ఆధార్ కాపీతో సరిపెట్టకండి. ఆయన ఇంతకుముందు ట్యూషన్ చెప్పిన రెండు మూడు ఇళ్ల నంబర్లు తీసుకుని, ఆ ఇంటి ఆడవాళ్లతో మాట్లాడండి. "ఎందుకు మాన్పించారమ్మా?" అని అడిగి ఊరుకోండి. వాళ్లు నసిగితే మీకు అర్థమవుతుంది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఆయన్నే తెచ్చుకోమనండి. పేరు కొట్టి నెట్‌లో వెతకడం మాత్రం వద్దు. తిరుపతిలో శ్రీనివాసులు, వెంకటేశులు వీధికి పదిమంది, ఎవరి కేసో ఎవరి నెత్తిన పడుతుంది.

పాఠం హాల్లోనే, వంటింట్లోంచి కనిపించే చోట. తలుపు తీసే ఉండాలి. సార్ ఇచ్చే చాక్లెట్లు, "అమ్మకు చెప్పొద్దు" అనే మాటలు ఏవైనా ఇంట్లో చెప్పాలని పాపకు ముందే చెప్పి పెట్టండి.

పాప ఏదైనా చెబితే గుచ్చి గుచ్చి అడగొద్దు. తన మాటల్లోనే రాసిపెట్టుకుని 1098కో 112కో ఫోన్ చేయండి. స్టేషన్ అంటే టెన్షన్ పడతారు గానీ, వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంతవరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫాం లేకుండా రావాలి. రాత్రి పూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. పెద్దలు "పరువు పోతుంది, వదిలేయండి" అంటారు. తెలిసీ చెప్పకపోతే 6 నెలల దాకా జైలుందని వాళ్లకు గట్టిగా చెప్పండి.

ఆ పని చేశాడన్నవాడి ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. వాడు ఏ ఇంటి చుట్టమో అందరికీ తెలుసు, దాంతో పాప ఎవరో కూడా తెలిసిపోతుంది. బాధితుల గుర్తింపు బయటపెట్టడం కూడా నేరమే. మా గ్రూపులో అట్లాంటి పోస్టు పడితే నేనే డిలీట్ చేసి, పెట్టినవాళ్లకు ఫోన్ చేస్తాను.