వలస కాలపు అమెరికా కుటుంబాల జాడ – 4వ పాఠం: అమ్మినవాడికి ఆ నేల ఎక్కడిది?

కౌంటీ కోర్టు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో, అమ్మినవారి పేర్లతో ఒకటి, కొన్నవారి పేర్లతో ఒకటి ఉండే రెండు ఇండెక్సులను ఎలా తిరగేయాలో, పాత చేతిరాతకు కళ్లను ఎలా అలవాటు చేయాలో గత మూడు పాఠాల్లో చూశాం. ఇక అసలు పనిలోకి దిగుదాం.

వర్జీనియాలో ప్రభుత్వం జననమరణాలను నమోదు చేయడం 1853లో గానీ మొదలవలేదు. ఇంట్లో ప్రతి మనిషి పేరూ రాసిన మొదటి అమెరికా జనాభా లెక్క 1850 నాటిది. అంతకుముందు చర్చి రిజిస్టర్లు ఉండేవి కానీ వాటిలో చాలావరకు పోయాయి. అందుకని ఎవరు ఎవరి కొడుకో చెప్పే కాగితం కావాలంటే ఆస్తి కాగితాల దగ్గరికే వెళ్లాలి. మనుషుల లెక్క రాయడానికి బద్ధకించిన దొరతనం ఎకరాల లెక్క మాత్రం ఎన్నడూ వదల్లేదు.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే ప్రశ్న. అమ్మినవాడికి ఆ నేల ఎలా వచ్చింది? మన దగ్గర ప్లాటు కొనేముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా, అదే పని. కాకపోతే లింకు తెగితే కొనేవాడికి టెన్షన్, వంశం వెతికేవాడికి పండగ. కొన్న దస్తావేజు ఎక్కడా లేకుండా ఒకడు నేల అమ్మాడంటే, అది వారసత్వంగానో పెళ్లితోనో చేతికొచ్చి ఉండాలి. మనం వెతికే చుట్టరికం ఆ సందులోనే ఉంటుంది.

అభ్యాసానికి అందరికీ తెలిసిన నేలనే తీసుకుందాం: పొటోమాక్ నది ఒడ్డున, లిటిల్ హంటింగ్ క్రీక్ అనే వాగు పక్కనున్న మౌంట్ వెర్నన్. జార్జ్ వాషింగ్టన్ వంశం గురించి కొత్తగా తవ్వి తీసేదేమీ లేదు, నిజమే. కానీ నేర్చుకునేటప్పుడు జవాబు సరిచూసుకునే వీలుండాలి.

కథ 1674లో మొదలవుతుంది. జార్జ్ ముత్తాత జాన్ వాషింగ్టన్, నికొలస్ స్పెన్సర్ అనే మరొకతనితో కలిసి సుమారు 5,000 ఎకరాలకు పట్టా పొందాడు. అప్పటి వర్జీనియాలో ఒక మనిషిని సముద్రం దాటించి తెచ్చినవారికి 50 ఎకరాల హక్కు వచ్చేది. పాత పట్టాల్లో అలా తెచ్చినవారి పేర్ల జాబితాలు కనిపిస్తుంటాయి. ‘మా పూర్వీకుడు ఫలానా సంవత్సరం ఓడ దిగాడు’ అని ఆ జాబితాను చూపించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. తొందరపడకండి. ఆ హక్కులు చేతులు మారేవి, వాటిని కొని దాచుకుని ఏళ్ల తర్వాత వాడుకునేవారు. పేరు ఉందంటే ఆ మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడని అనుకోవచ్చు, ఆ ఏడాదే వచ్చాడని కాదు.

జాన్ 1675 సెప్టెంబరులో వీలునామా రాశాడు. కోర్టు దాన్ని ఆమోదించిన తేదీని పుస్తకాల్లో 1677/78 జనవరి అని వేస్తారు. ఆ గీత అచ్చుతప్పు కాదు. 1752 దాకా ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి జనవరి 1 నుంచి మార్చి 24 మధ్య తేదీ ఏది కనబడినా రెండేళ్లూ రాసుకోండి. లేదంటే తండ్రి చనిపోయిన ఏడాదికి కొడుకు పుట్టినట్టు తేలి తల పట్టుకుంటారు.

జాన్ వాటా కొడుకు లారెన్స్‌కు వచ్చింది. 1690లో లారెన్స్, స్పెన్సర్ వారసులు నేలను పంచుకున్నారు. డోగ్ క్రీక్ వైపు భాగం కోరుకున్న స్పెన్సర్లు, అందుకు పరిహారంగా లారెన్స్‌కు 2,500 పౌన్ల పొగాకు ఇచ్చారు. పొగాకే అప్పటి డబ్బు. పంపకం పత్రం చేతికి దొరికితే వదలకండి. అందులో చనిపోయినవాడి వారసులు వరుసగా నిలబడి సంతకాలు పెడతారు, వీలునామా లేని లోటు కొన్నిసార్లు అదొక్కటే తీరుస్తుంది.

ఇప్పుడు ఈ పాఠానికి గుండెకాయ లాంటి చోటికి వచ్చాం. 1726లో అగస్టీన్ వాషింగ్టన్, అంటే జార్జ్ తండ్రి, ఈ నేల కొన్నాడు. అమ్మింది రోజర్ గ్రెగరీ, అతని భార్య మిల్‌డ్రెడ్. ఇండెక్సులో గ్రెగరీ పేరుతో ఈ నేల కొన్న దస్తావేజు కోసం ఎంత వెతికినా ప్రయోజనం లేదు. లింకు తెగింది. వాషింగ్టన్ల నేల గ్రెగరీ చేతికి ఎలా వెళ్లింది?

దస్తావేజులో భార్య పేరు ఉంది చూడండి, దారి అక్కడుంది. అప్పటి చట్టంలో పెళ్లయిన స్త్రీ భర్త లేకుండా నేల అమ్మలేదు. ఆమె పుట్టింటి ఆస్తి అయినా అమ్మకంలో భర్త పేరే ముందు వస్తుంది. కాబట్టి ఆమె పుట్టింటివైపు వెతకాలి. లారెన్స్ 1698లో చనిపోయినప్పుడు తన వీలునామాలో ఈ నేలను కూతురు మిల్‌డ్రెడ్‌కు రాశాడు. అగస్టీన్ ఆమె అన్న. చెల్లెలికి తండ్రి ఇచ్చిన నేలను అన్న కొనుక్కున్నాడు. ఒక్క దస్తావేజు, ఒక్క వీలునామా పక్కపక్కన పెడితే తండ్రి, కొడుకు, కూతురు, అల్లుడు నలుగురూ తేలారు.

అయితే భార్య పేరు కనిపించిన ప్రతిచోటా నేల ఆమె పుట్టింటిదని రాసేయకండి. భర్త నేలలో కూడా భార్యకు ‘డవర్’ అనే హక్కు ఉండేది. అతను పోయాక మూడో వంతును ఆమె బతికినంతకాలం అనుభవించవచ్చు. అందుకే కొనేవాడు ఆమె చేత కూడా ఆ హక్కు వదిలించుకునేవాడు, భర్త బలవంతం లేదని కోర్టు ఆమెను విడిగా అడిగి రాసుకునేది. నేను చూసేది ఇలా: దస్తావేజు చివర డవర్ వదులుకున్నట్టు మాత్రమే ఉండి, భర్త పేరుతో పాత కొనుగోలు కూడా దొరికితే అది అతని నేల. మొదటి వరుసలోనే ఇద్దరూ అమ్మకందారులై, భర్తకు కొనుగోలు పత్రమే లేకపోతే ఆమె తండ్రి వీలునామా కోసం బయలుదేరాల్సిందే.

1726 అమ్మకంలో ఇంకో చిక్కు ఉంది. ఏప్రిల్ 16న మిల్‌డ్రెడ్ వైపు నుంచి అగస్టీన్‌కు ఒక ఏడాది కౌలు రాసిచ్చారు. కౌలు సొమ్ము ఒక్క మిరియపు గింజ! మరుసటి నెలలో 180 పౌన్లకు (ఇవి పొగాకు బరువు కాదు, డబ్బు) అమ్మకం పూర్తయింది. మొదటి కాగితం మాత్రమే చూసినవాళ్లు అగస్టీన్‌ను కౌలుదారుగా లెక్కేస్తారు. నిజానికి ఆ రెండు కాగితాలూ కలిపి ఒకే అమ్మకం. ముందు కౌలు ఇచ్చి, తర్వాత మిగిలిన హక్కు వదులుకోవడం అప్పటి లాయర్ల అలవాటు. మిరియం కౌలు గానీ, ఐదు షిల్లింగుల లాంటి పేరుకు మాత్రం వేసిన మొత్తం గానీ కనబడితే పేజీ తిప్పండి, అసలు ధర పక్క దస్తావేజులో ఉంటుంది.

తర్వాతి లింకులు తేలిక. అగస్టీన్ 1743 ఏప్రిల్ 11న వీలునామా రాసి మర్నాడే పోయాడు. హంటింగ్ క్రీక్ నేల మొదటి భార్య కొడుకు లారెన్స్‌కు దక్కింది (తాత పేరే, రెండు తరాలను కలిపేయకండి). ఆ లారెన్సే తన పై అధికారి అడ్మిరల్ వెర్నన్ పేరు దీనికి పెట్టాడు. 1752లో అతను పోతూ భార్య ఆన్‌కు జీవితకాలం అనుభవహక్కు, ఆపై కూతురికి, ఆ కూతురు పిల్లలు లేకుండా పోతే తమ్ముడు జార్జ్‌కు అని రాశాడు. ఆన్ మళ్లీ పెళ్లి చేసుకుంది. 1754లో ఆ పాప చనిపోయింది. ఆ డిసెంబరులో జార్జ్ ఏడాదికి 15,000 పౌన్ల పొగాకుకు వదిన దగ్గర కౌలు తీసుకున్నాడు, ఈసారిది నిజమైన కౌలే. 1761లో ఆన్ పోయాక నేల అతనిదైంది. ఆ చివరి మార్పుకు అమ్మకపు దస్తావేజు ఉండదు, 1752 వీలునామాయే ఆధారం. కౌలు 1754లో, సొంతం 1761లో, రుజువు మాత్రం 1752లో. ఇలా వెనక్కి నడవడం అలవాటు కావాలి.

వీలునామా లేకపోతే? అప్పటి వర్జీనియా చట్టం ప్రకారం నేలంతా పెద్దకొడుకుదే. అందుకే ‘ఫలానావాడి కొడుకు, వారసుడు’ అని రాసుకుంటూ ఒకతను నేల అమ్మితే తండ్రి వీలునామా రాయలేదనీ, ఇతనే బతికున్న కొడుకుల్లో పెద్దవాడనీ ఒకేసారి తెలుస్తుంది. వీలునామాలో పెద్దకొడుక్కి ఒక్క షిల్లింగు ఇచ్చారంటే వెలివేశారని కాదు, చాలాసార్లు అతని వాటా ముందే ముట్టింది. ముందు ఇచ్చిన దానపత్రం వెతకండి.

జార్జ్ భార్య మార్తాకు మొదటి భర్త అయిన డేనియల్ పార్క్ కస్టిస్ 1757లో వీలునామా లేకుండానే పోయాడు. దాంతో ఆస్తిలో మూడో వంతు డవర్‌గా ఆమెకు జీవితకాలం దక్కింది. ఆ ఆస్తిలో మనుషులూ ఉన్నారు. 1799లో వాషింగ్టన్ రాయించిన జాబితాలో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు కనిపిస్తారు. అందులో 123 మందే అతనివారు, 153 మంది కస్టిస్ డవర్ కింద వచ్చినవారు, మిగిలినవారు ఇతరుల దగ్గర అద్దెకు తెచ్చుకున్నవారు. తన వీలునామాతో ఆయన విడుదల చేయగలిగింది ఆ 123 మందినే. డవర్ కింద వచ్చినవారు మార్తా తర్వాత కస్టిస్ వారసులకు వెళ్లారు. ఒక మనిషి వీలునామా రాయకుండా పోయినందుకు నలభై ఏళ్ల తర్వాత భార్య ఒక వైపు, భర్త మరో వైపు అయిన కుటుంబాలున్నాయి. నల్లజాతి కుటుంబాల మూలాలు వెతికేవారికి ఈ జాబితాలు, ప్రొబేట్ ఫైళ్లలోని (చనిపోయినవారి ఆస్తిని కోర్టు తేల్చిన కాగితాల్లోని) ఆస్తి లెక్కలే ముఖ్యమైన ఆధారం. మంచాలు, ఆవులు, గొడ్డళ్లతో పాటు మనుషుల పేర్లు, పక్కన ధరలు రాసి ఉంటాయి. చదవడం కష్టంగానే ఉంటుంది. ఆ పేర్లు కూడా మీ నోటుబుక్కులోకి ఎక్కించండి, ఎవరో ఒకరు వాటి కోసమే వెతుకుతుంటారు.

ఇక ఏ కౌంటీ పుస్తకం తెరవాలి? నేల కదలదు, కౌంటీలు కదులుతాయి. హంటింగ్ క్రీక్ నేల 1674లో స్టాఫర్డ్ కౌంటీలో ఉంది, 1731 నుంచి ప్రిన్స్ విలియంలో, 1742 నుంచి ఫెయిర్‌ఫాక్స్‌లో. వీలునామా మనిషి నివాసం ఉన్న కౌంటీలో, దస్తావేజు నేల ఉన్న కౌంటీలో ఉంటాయి. అగస్టీన్ వీలునామా కింగ్ జార్జ్ కౌంటీకి వెళ్లింది అందుకే. అంతర్యుద్ధంలో చాలా కౌంటీల పుస్తకాలు కాలిపోయాయి. అయినా పట్టాల నకళ్లు వేరే చోట ఉండేవి కాబట్టి లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైటులో అవి దొరుకుతాయి. ఫ్యామిలీసెర్చ్‌లో ఇప్పుడు దస్తావేజుల లోపలి మాటల్ని కూడా వెతకొచ్చు, ఉచితమే. యంత్రం చదివిన పేరును నమ్మేముందు బొమ్మ తెరిచి మీ కళ్లతో చూడండి. ఉత్తర వర్జీనియాలో హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు ఉండే మనవాళ్లు తమ ఇంటి నేలతోనే ఇది సాధన చేయొచ్చు, ఆ ప్రాంతమంతా ఒకప్పుడు ఫెయిర్‌ఫాక్స్ ప్రభువు జమీనే.

అభ్యాసం: రాపహానక్ నది ఒడ్డున, ఫ్రెడరిక్స్‌బర్గ్ ఎదుట ఫెర్రీ ఫార్మ్ ఉంది. 1774లో దాన్ని హ్యూ మెర్సర్‌కు జార్జ్ వాషింగ్టన్ అమ్మాడు. జార్జ్ కొన్నట్టు దస్తావేజు లేదు. ఇతనికి ఈ నేల ఎలా వచ్చింది? ఇతనికి ఇచ్చినవాడికి ఎవరు అమ్మారు, వాళ్లు సొంతదారులా, లేక చనిపోయినవాడి తరఫున అమ్మిన అమలుదారులా? ఒక్క క్లూ ఇస్తాను: నేల ఇప్పుడు స్టాఫర్డ్‌లో ఉన్నా, 1743లో కింగ్ జార్జ్ కౌంటీలో ఉండేది. జవాబు వచ్చే పాఠంలో, పోల్ అనే పదహారున్నర అడుగుల కొలతతో పట్టా హద్దులను కాగితం మీద గీయడం నేర్చుకునే ముందు చూద్దాం.