జాజ్ డ్రమ్స్: చేతివేగం ఉంది, పాట వినిపించాలంటే ఎలా?

అమలాపురం, పాలకొల్లు వైపు చర్చి క్వైర్‌లోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో డ్రమ్స్ పట్టుబడ్డవాళ్లకు జాజ్‌లో చేతులు ఇబ్బంది పెట్టవు. ఇబ్బందంతా కిక్ (పెడల్‌తో మోగించే పెద్ద డ్రమ్) మీదుండే కుడికాలితోనే. ఊరేగింపులో దడదడలాడించిన ఆ కాలు జాజ్‌లో డబుల్ బేస్ అనే పెద్ద తీగవాద్యం నాదాన్ని మింగేస్తుంది.

1. ముందు రైడ్, అంటే స్టిక్‌తో లయ నడిపే పెద్ద సింబల్. మెట్రోనోమ్ 60లో పెట్టి, క్లిక్కులను 2, 4 దెబ్బలుగా లెక్కపెట్టండి. అంటే మీ వేగం 120. 1, 3 దెబ్బలకు రైడ్ మీద ఒక్కో స్ట్రోక్. 2, 4 దెబ్బలను 'తకిట' అనుకుని మధ్యలో 'కి' వదిలేయండి. 'ట' మెత్తగా పడాలి. అది గట్టిగా పడితే నడక కుంటుతుంది. వేగం బాగా పెరిగాక 'ట' కాస్త ముందుకు జరిగి, రెండు స్ట్రోకుల మధ్య దూరం దాదాపు సమానమవుతుంది. జరగనివ్వండి, పట్టుబట్టి తిశ్రంలోనే ఉంచితే ముంజేయి బిగుసుకుపోతుంది.

ఇరుగుపొరుగు గోల పెడితే స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) సాధన కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ మీద చేసుకోవచ్చు. రైడ్ మాత్రం వద్దు. 'ట', దాని వెంటనే వచ్చే 1 లేదా 3 దెబ్బ స్టిక్ ఎగిరే ఊపులోనే పలకాలి, పీచు ఆ ఊపును చంపేస్తుంది.

2. ఎడమకాలితో హై-హ్యాట్‌ను (పెడల్‌తో మూసే జంట సింబళ్లు) 2, 4 మీద మూయండి. కిక్ నాలుగు దెబ్బలకూ పడాలి, కానీ బీటర్ (కిక్‌ను కొట్టే సుత్తి) 2-3 సెంటీమీటర్లకు మించి లేవకూడదు. 1940లలో కెన్నీ క్లార్క్ లాంటి జాజ్ డ్రమ్మర్లు లయ భారాన్ని కిక్ నుంచి రైడ్‌కు మార్చారు. అప్పటినుంచి కిక్ పని బేస్‌కు అడుగున ఆసరాగా ఉండటం, మధ్యమధ్య ఒక దెబ్బతో మెరవడం. పది అడుగుల దూరంలో ఫోన్ పెట్టి రికార్డు చేయండి. కిక్ విడిగా వినిపిస్తే ఎక్కువైనట్టే.

3. అసలు పని ఇక్కడే. తెలిసిన 12 బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బలు) బ్లూస్ పాట ఒకటి ఎంచుకుని, రైడ్ ఆపకుండా ఆ పాటను నోటితో పాడండి. ఎడమచెయ్యి పాట ఊపిరి తీసుకునే చోటే స్నేర్‌ను తాకాలి, నాలుగు బార్లకు రెండు దెబ్బలు చాలు. సన్నాయి సాగుతుంటే డోలు ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ అందుకుంటుందో పెళ్లిలో ఒకసారి గమనించండి, విషయం చేతికందుతుంది. పాడుతుంటే రైడ్ తడబడిందా? చేతికి పాట ఇంకా పట్టలేదన్నమాట. వేగం 90కి దించండి, అంటే మెట్రోనోమ్ 45.

4. ఇప్పుడు పారడిడిల్. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. స్ట్రోకులన్నీ స్నేర్ మీద చిన్నగా వాయిస్తూ, పాటలో మాట పడే చోట మాత్రమే నొక్కండి. వరస అదే, నొక్కులు మాత్రం పాటవి.

5. చివరగా నాలుగు బార్లు లయ, నాలుగు బార్లు సోలో. సోలోకు 16 దెబ్బలు. లోపల పాట నడుస్తూనే ఉండాలి. జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ సోలోల్లో పాట కట్టడం చెవికి అందేది అందుకే. 15కే తిరిగొచ్చేశారంటే రోల్‌లో (ఆగకుండా వేసే వేగమైన స్ట్రోకుల వరస) పరుగెత్తారు, 17 అయితే రోల్ ముగించలేక సాగదీశారు. రెండింటికీ మందు ఒకటే: సోలోలో సగం స్ట్రోకులు తీసేసి, అదే పాట మళ్లీ పాడుకుంటూ వాయించండి.